హేగర్ రోడ్డు దాటిన గాలి

విల్లో ఫోర్క్, ఇండియానా
1974 ఏప్రిల్ 28, ఆదివారం

ప్రియమైన ఎల్డన్‌కు,

నీ నోర్లీన్ రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, రోండా, నేను ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీ ఓడా, ఆ ఇంజను గది వేడీ అన్నీ మామూలుగానే ఉన్నాయని తలుస్తాను. డెట్రాయిట్ దగ్గర తపాలా పడవ మీ ఓడ పక్కకి వచ్చినప్పుడు ఈ ఉత్తరం బక్కెట్లో కూర్చుని తాడు మీద పైకి వస్తుంది కదా, నాకు ఆ దృశ్యం ఊహించుకోవడం భలే ఇష్టం. తడవకుండా నీ చేతిలో పడితే అంతే చాలు.

నీ ఉత్తరం గురువారం అందింది. నేను చదువుకుని, అత్తయ్యకు చదివి వినిపించి, మళ్లీ ఒక్కదాన్నే బయట కూర్చుని చదువుకున్నాను. టెలిగ్రాంలో "ఇల్లు పోయింది, ముగ్గురం క్షేమం" అని తప్ప ఇంకేమీ లేదని కోప్పడ్డావు. ఓడ దిగి వస్తానంటే వద్దని ఎందుకు కబురు పెట్టానని ఇంకా ఎక్కువ కోప్పడ్డావు. నీ కోపం న్యాయమే. నువ్వు అడిగినవాటికి అన్నిటికీ జవాబు రాస్తాను, ఒక్కదానికి మాత్రం కాస్త ఓపిక పట్టు. అది ముందే రాస్తే మిగతా కబుర్లు నీ బుర్రకెక్కవు.

మీ అమ్మ సంగతి అడిగావు. ఎడమ మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. ఆ చెయ్యి కదపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె ఆ చేత్తోనే బంగాళాదుంప పట్టుకుని రెండో చేత్తో చెక్కు తీస్తోంది. నేను కేకలేస్తే "కదపొద్దన్నాడు గానీ పట్టుకోవద్దన్నాడా?" అంది. తిండి బాగానే తింటోంది. మెథడిస్టు చర్చి వెనక, ఆదివారం బడి గదిలో మమ్మల్ని ఉంచారు. చంటిపిల్లల కుర్చీలు తప్ప వేరే లేవు. భోజనానికి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. గోడల నిండా గొర్రెపిల్లల బొమ్మలు, నోవహు ఓడ బొమ్మ. రోజుకో ఇంటి నుంచి నూడుల్సు కలిపిన కోడి కూర, మీగడ పై రొట్టెలు వస్తూనే ఉన్నాయి. ఇంకో నెల ఇలాగే సాగితే నీ కూతుర్ని నువ్వు గుర్తుపట్టలేవు.

ఏం మిగిలిందని అడిగావు. మెట్లు మిగిలాయి. వాకిట్లో నువ్వు పోసిన సిమెంటు మెట్లు ఒక్క బీటా లేకుండా ఉన్నాయి, ఎక్కితే మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లవు. నేను రోజూ వెళ్లి పై మెట్టు మీద కూర్చుంటున్నాను. పియానో జాడ లేదు, కానీ బుట్టలోని గుడ్లు ఒక్కటీ పగల్లేదు. లగ్రాంజ్ వైపు నుంచి ఎవరో ఒకావిడ మన పెళ్లి ఫోటో పోస్టులో పంపింది. వాళ్ల కోళ్ల గూటి మీద పడిందట. తుడిచి, వెనక ఉన్న స్టూడియో పేరు పట్టుకుని, వాళ్లనీ వీళ్లనీ అడిగి పంపించింది. నీ టై దగ్గర చిన్న చిల్లు పడింది. నువ్వు మాత్రం నవ్వుతూనే ఉన్నావు. ఊరంతా ఇప్పుడు ఇదే పనిలో ఉంది, ఎవరి పెరట్లో పడ్డవాటిని వాళ్లు తుడిచి సొంతదారులకు చేర్చడం. మన మొక్కజొన్న పొలంలో పడిన ఒక పసిబిడ్డ ఫోటో నా దగ్గర ఉంది. ఎవరి బిడ్డో ఇంతవరకూ తెలియలేదు.

ఈ రోజులన్నీ నిద్రలో నడుస్తున్నట్టుగా ఉన్నాయి ఎల్డన్. మెట్ల మీద కూర్చుని లేచి, వంటింట్లోకి వెళ్దామని వెనక్కి తిరుగుతాను. తలుపు గుండ్రటి పిడి కోసం చెయ్యి చాస్తాను. అక్కడ పచ్చటి గోధుమ చేను, దాని మీద ఆకాశం. చెయ్యి అలాగే గాల్లో ఉంటుంది. భయమేమీ వేయదు. ఇల్లు ఎక్కడికో పని మీద వెళ్లినట్టు, సాయంత్రానికి వచ్చేస్తుందన్నట్టు అనిపిస్తుంది.

చర్చిలో భోజనాల దగ్గర ఒక్కొక్కరూ తమ సుడిగాలి కథ విప్పుతున్నారు. ఈ రాష్ట్రంలో పుట్టినవాళ్లకి పెళ్లి తారీకు గుర్తుండకపోయినా గాలి వచ్చిన తారీకు గుర్తుంటుంది. మీ అమ్మకు 1925 మార్చి నిన్నటిలాగే ఉంది. నువ్వు చిన్నప్పటి నుంచి విన్నదే అయినా, ఈసారి ఆమె కొత్తగా చెప్పింది, ఇల్లు లేని మనుషుల మధ్య కూర్చుని చెప్పడం వల్లనేమో.

"మాది గ్రిఫిన్ పక్క పొలం. నాకు పన్నెండేళ్లు," అంది. "అది తొండంలా లేదు, తాడులా లేదు. పొగమంచు నేల మీద దొర్లుకుంటూ వస్తున్నట్టుంది. మా నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, 'మంచి వాన పడుతుందర్రా' అన్నాడు. అదే ఆయన మాట్లాడిన చివరి మాట. అమ్మ నన్ను దుంపల గోతిలోకి లాగి నైరుతి మూలకి అదిమింది. మేమిద్దరం బతికాం."

"ముందు చెప్పేవాళ్లు లేరా నాన్నమ్మా?" అని రోండా అడిగింది.

"ఎవరు చెప్తారే? ఆ రోజుల్లో వాతావరణం వాళ్లు టోర్నడో అన్న మాట నోటితో అనకూడదు. అంటే జనం బెంబేలెత్తిపోతారట. మేం బెంబేలెత్తకుండానే పోయాం."

తర్వాత 1948. శుభ శుక్రవారం నాడు కోట్స్‌విల్ ఊరు పోయింది. మీ నాన్న పార భుజాన వేసుకుని వెళ్లి, తిరిగొచ్చి, భోజనం ముట్టకుండా చాలాసేపు వరండాలో కూర్చున్నాడట. ఆ తర్వాత 1965, ఈస్టరుకు ముందరి మట్టల ఆదివారం. అది నీకు నేను చెప్పనక్కరలేదు. అంత మంచి ఎండ కాసిన రోజు ఆ వసంతంలో అదొక్కటే. జనం చర్చి బట్టల్లోనే పోయారు. మర్నాడు మనిద్దరం రష్యావిల్ వెళ్లి ఎవరివో తెలియని మంచాలు, ఎవరివో తెలియని బూట్లు ఎత్తి పోశాం. తిరిగి వస్తూ నువ్వు కారు పక్కకి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చావు. "మన వైపు వస్తే అన్నీ వదిలేసి ముందు ఇంటికి పరుగెత్తు, నోర్లీన్. ఊరు సంగతి ఊరు చూసుకుంటుంది" అన్నావు. ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ ఓడెక్కే ముందు అదే మాట అంటూ వచ్చావు. నేను తల ఊపుతూ వచ్చాను.

మీ అమ్మ వీటన్నిటినీ కలిపి ఒక సిద్ధాంతం చేసింది. పెద్ద గాలి పండగ చూసుకుని వస్తుందట. "మరి 1925లో బుధవారం కదా, అదే పండగ?" అని రోండా నిలదీస్తే, "మా అమ్మ పుట్టినరోజు. మాకు పండగే" అంది. అందుకే ఈ ఏడాది మట్టల ఆదివారం ఏడో తారీకని క్యాలెండరు మీద గీత గీసి, ఇంటి కింది నేలమాళిగలో మంచినీళ్లూ దుప్పట్లూ సర్దడం మొదలెట్టింది. మూడో తారీకు పొద్దున్న రేడియోలో హెచ్చరిక చెబుతుంటే, "ఇంకా నాలుగు రోజులుందిగా" అని దాన్నే కసిరింది.

ఇక డులూత్ సంగతి. కొండ మీద ఇల్లు చూశానని, కిటికీలోంచి సరస్సు కనిపిస్తుందని, నీ ఓడ రేవులోకి వస్తుంటే నేను వంటింట్లోంచే చూడొచ్చని రాశావు. బడి సెలవులివ్వగానే అందర్నీ తీసుకుని వచ్చెయ్యమన్నావు. ఇలాంటి గాలి అక్కడికి రాదన్నావు. ఆ ఇంటిని నేను ఎంతగా తలుచుకుంటున్నానో నీకు తెలియదు. దాని గదుల్లో తిరుగుతున్నాను. దానికి నీలం కర్టెన్లు కూడా వేశాను. అయినా అవుననీ కాదనీ రాయలేకపోతున్నాను. నేను పక్కన పెట్టిన ప్రశ్నకు జవాబు చెబితే గానీ దీనికి చెప్పలేను.

"అది వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు? అమ్మ ఉత్తరంలో నీ ఊసే లేదు" అని అడిగావు. నేను మాళిగలో లేను ఎల్డన్. శ్మశానం గుట్ట మీద ఉన్నాను.

నేను గాలి కాపలాకు వెళ్తానని నీకు తెలుసు. మట్టల ఆదివారం తర్వాత షెరీఫ్ ఆఫీసు వాళ్లు బడిలో తెర కట్టి, బొమ్మలు చూపించి మాకు నేర్పించినప్పుడు నువ్వే నన్ను కారులో దింపావు. దాణా మిల్లులో లారీలు తూచే ఉద్యోగం నాది, మిల్లు బండిలో రేడియో ఉంది, అందుకని ఆ గుట్ట నా వంతుకు వచ్చింది. నువ్వు అనుకున్నది ఏమిటంటే, దూరాన మెరుపులుంటే వెళ్లి చూస్తాను, దగ్గరకొస్తే ఇంటికి పోతాను అని. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ నేర్పిన మాస్టారు నైరుతి మూల మంచిది కాదని కూడా చెప్పాడు. పాతకాలం వాళ్లూ, ప్రభుత్వం పంచిన పాత కాగితాలూ ఆ మూలే క్షేమం అన్నాయి గానీ, గాలి అటు నుంచే తోస్తుంది కాబట్టి ఇల్లు ఆ మూలలోకే కూలుతుందని ఈమధ్య తేలిందట. ఆ మాట మీ అమ్మతో అన్నందుకు ఇన్నేళ్లూ నేను పడుతున్నాను. గాలి హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మాళిగలో ఇదే గొడవ.

"అత్తయ్యా, ఉత్తరం వైపు మెట్ల కిందకు రండి."

"నేను గాలిని చూశాను. మీ మాస్టారు బొమ్మ చూశాడు. నువ్వెళ్లి మెట్ల కింద కూర్చో, రేపు నీ అంత్యక్రియలకు నేనే పై రొట్టె చేస్తాను."

మూడో తారీకున రోండాకు గొంతునొప్పి. జ్వరం కూడా తగిలింది. లేకపోతే బడి వదిలాక బ్యాండు సాధనకు జిమ్‌లోనే ఉండేది. ఇంట్లో నాన్నమ్మ దగ్గర పడుకోబెట్టి నేను మిల్లుకు వెళ్లాను. సాయంత్రం ఐదు కావస్తుండగా డెల్మర్ షెరీఫ్ ఆఫీసు నుంచి పిలిచాడు. నేను బండి తీసుకుని గుట్ట ఎక్కాను. రోండా ఎప్పటిలాగే వంటింటి రేడియో డబ్బా పట్టుకుని నాన్నమ్మతో మాళిగలోకి దిగింది. మేము మాట్లాడుకునేదంతా ఆ డబ్బాలో వినిపిస్తుంది.

ఆకాశం పచ్చిబఠాణీ నీళ్ల రంగులో ఉంది. గాలి లేదు. ఒక్క పక్షి లేదు. సమాధుల మీద ఈస్టరుకని ముందే పెట్టిన కాగితం పువ్వులు కదలడం లేదు. ఎవరో ఒక పెద్ద గదిలో అందర్నీ ఊరుకోబెట్టినట్టుంది. అప్పుడు నైరుతిలో అది కనబడింది. తొండంలా లేదు, మీ అమ్మ చెప్పినట్టు దొర్లుకుంటూ వస్తున్న గోడలా ఉంది. మాకు నేర్పింది ఒకటే: ఏం కనిపిస్తోంది, ఎక్కడుంది, ఎటు పోతోంది. అంతకుమించి మాట్లాడకూడదు. నాలాంటి కాపలావాళ్లు ఇంకా కొందరు అదే రేడియోలో కాచుకుని ఉంటారు. సొంత మాటలకు అక్కడ చోటు లేదు.

"నోర్లీన్, ఎటు పోతోంది?" అన్నాడు డెల్మర్.

"ఈశాన్యానికి. ఊరిని తప్పుకుని పోతోంది. హేగర్ రోడ్డు వైపు తిరిగింది."

"హేగర్ రోడ్డు మీద ఎక్కడ?"

ఆ క్షణాన నాకు రెండు దారులున్నాయి. బండికి తాళం చెవి ఉంది. గుట్ట దిగి కంకర రోడ్డు మీద తొక్కి పట్టుకుంటే గాలి కన్నా ముందే ఇల్లు చేరేదాన్ని. చేరలేకపోయేదాన్నని రాస్తే నీకు కాస్త ఊరటగా ఉంటుంది, కానీ అది అబద్ధం. నేను రోడ్డును చూశాను, గాలిని చూశాను, చేరగలనని తెలుసు. అలా వెళితే దారి పొడుగునా కొంపలూ చెట్లూ అడ్డం, గాలి నాకు కనబడదు. మన ఇల్లు దాటితే అదే వరసలో బడి ఉంది. బడిలో బ్యాండు పిల్లలున్నారు, పెద్ద కప్పు ఉన్న జిమ్‌లో.

"స్ట్రౌప్ వాళ్ల ఇంటి దగ్గర" అన్నాను.

మన ఇంటిని పరాయి ఇల్లు చెప్పినట్టు చెప్పాను. డెల్మర్ "నోర్లీన్..." అని ఆగిపోయాడు. నేను ఆగలేదు. "ఇంటి మీదికి వచ్చింది. ఇల్లు పోయింది. తిన్నగా బడి వైపు వెళ్తోంది. ఫోను చేసి జిమ్‌లోంచి పిల్లల్ని నడవాలోకి తియ్యమను. వెంటనే" అన్నాను. అతను చేశాడు. పిల్లలు నడవాలోకి పరుగెత్తి, గోడకు ఆనుకుని, తలల మీద చేతులు పెట్టుకున్నారు. జిమ్ కప్పు మొత్తం వాయిద్యాల మీద పడింది. పిల్లలకు ఏమీ కాలేదు. ఆపైన మాంటిసెల్లో ఊరికి ఏమైందో నువ్వు రేడియోలో విన్నావు.

ఇంకొకటి కూడా చేయగలిగి ఉండి చేయలేదు. మీట నా వేలి కింద ఉంది. డబ్బా వాళ్ల ఒళ్లో ఉంది. "అత్తయ్యా, ఆ మూల వదలండి" అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. రేడియోలో ఇంటి మాటలు మాట్లాడకూడదన్నది అంతగా ఒంటికి పట్టిందో, అంటే తర్వాతి మాట రాదని తెలుసో, చెప్పలేను.

బడి దాటి అది నా కనుచూపు మేర దాటాక బండి తీశాను. చెట్లు అడ్డం పడి ఉంటే దిగి నడిచాను. మెట్లు కనిపించాయి. మెట్ల వెనక ఏమీ లేదు. గోతి అంచున నిలబడి లోపలికి తొంగి చూశాను. కింద నుంచి మీ అమ్మ గొంతు: "ఎవరది, నోర్లీనా? చూసి అడుగెయ్, అన్నీ మేకులే. ఎక్కడైనా కాస్త కాఫీ దొరుకుతుందేమో చూడు." నేను అక్కడే కూలబడి, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా కూర్చున్నాను. నైరుతి మూల నిండా మన ఇనప పొయ్యి, ఫ్రిజ్, పొగగొట్టం ఇటుకలు ఉన్నాయి. వాళ్లిద్దరూ ఉత్తరం వైపు మాళిగ మెట్ల కింద ఉన్నారు.

ఎందుకు కదిలారని అడిగితే చాలా రోజులు మీ అమ్మ సరిగ్గా చెప్పలేదు. "అక్కడ నేల చల్లగా ఉంది, కీళ్లు లాగాయి" అంది. రోండా అసలు మాట్లాడటం మానేసింది. అడిగితే తల ఊపడం, గిన్నె అందించడం, అంతే. జ్వరం వల్లనుకున్నాను. ఈస్టరు నాడు బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది:

"నువ్వు లారీ బరువు చెప్పినట్టు చెప్పావు."

"ఏంటమ్మా?"

"ఇల్లు పోయింది, బడి వైపు వెళ్తోంది. మిల్లులో లారీ బరువు చదువుతావు చూడు, అలా. మేం లోపలున్నామని నీకు తెలుసు. నీ గొంతు కొంచెం కూడా వణకలేదు."

బంగాళాదుంపల చెక్కు తీస్తున్న అత్తయ్య చాకు కింద పెట్టింది.

"వణకలేదు కాబట్టే కదిలానే పిల్లా. ఇన్నేళ్లుగా మాళిగలో నాతో పోట్లాడేటప్పుడు మీ అమ్మ గొంతు కీచుమంటుంది. కీచుమనే మనిషి మాట నేనెందుకు వినాలి? ఆ రోజు డబ్బాలో హేగర్ రోడ్డు అని చెప్పిన గొంతు వేరు. ఈ మనిషి చూసి చెబుతోంది అనుకున్నా. చూసి చెప్పేదాని మాట మా నాన్నకు దొరకలేదు. అందుకే నీ జబ్బ పట్టుకుని లేచా."

"ఆమె మనకు చెప్పలేదు నాన్నమ్మా. ఊరికి చెప్పింది."

"ఊరికి చెప్పిందే నాకు చాలింది."

"నాకు చాలలేదు" అంది రోండా. అప్పుడు తిన్నగా నా కళ్లలోకి చూసింది. "మళ్లీ అలా వస్తే ఇంటికి వస్తావా, అక్కడే ఉంటావా?"

పదమూడేళ్ల పిల్ల అడగాల్సిన ప్రశ్న కాదది. "మీ నాన్నకు రాశాక చెబుతాను" అన్నాను దానితో. అందుకే ఇన్ని రోజులు నీకు ఉత్తరం రాయలేకపోయాను. నీకు అబద్ధం రాసి రోండాకు నిజం చెప్పలేను కదా.

అక్కడే ఉంటాను ఎల్డన్. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా జవాబు మారడం లేదు. రోండా మెట్ల కింద ఉందో ఇటుకల కింద ఉందో తెలియని ఆ నడకలో నేను చచ్చి బతికాను, మళ్లీ ఆ నడక నడవమంటే నా ప్రాణం పోతుంది, అయినా అక్కడే ఉంటాను. నీకు తల ఊపి ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదు. నిలబెట్టుకోనని ఇప్పుడు చెబుతున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా. అది మన ఇంటిని తీసుకున్నప్పుడు, గోడలు విడిపోయే ముందు, ఇల్లు మొత్తం నేల మీద నుంచి లేచింది. నెమ్మదిగా లేచి, నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు ఒక్కసారి తిరిగింది. పై గది కిటికీలోంచి తెల్ల కర్టెను బయటకు వచ్చి ఊగింది. ఆ మబ్బు వెనక నుంచి ఎండ పడుతోంది. ఎంత బాగుంది అనుకున్నాను. నా బిడ్డ లోపలుందని తెలిసి, నోటితో దారి చెబుతూ, లోపల మాత్రం ఎంత బాగుంది అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకు అసహ్యం వేయాలి. వేయడం లేదు. నాకు భయం వేస్తోంది, అంతే.

డులూత్‌కు జవాబు ఇప్పుడు నీకే తెలిసి ఉంటుంది. అక్కడికి వస్తే నేను ఎప్పటికీ ఎంచుకోనక్కరలేదు. నీలం కర్టెన్ల మధ్య మంచి భార్యగా, మంచి తల్లిగా ఉండిపోవచ్చు. కానీ నేనేంటో నాకు తెలిశాక, తెలియనట్టు ఆ కిటికీ దగ్గర కూర్చుని నీకు చెయ్యి ఊపలేను.

ఇంతవరకూ రాసి, కవరు అంటించే ముందు కాగితాలన్నీ రోండాకు ఇచ్చాను. నీకన్నా ముందు అది చదవాలనిపించింది. గొర్రెపిల్లల బొమ్మ కింద నిలబడి మొత్తం చదివింది. చివరి కాగితం మళ్లీ చదివింది. నేను ఆ చిన్న కుర్చీలో మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను.

"డులూత్ వద్దని రాయి" అంది.

"నాకోసం అనకు. నీకు వెళ్లాలనుంటే..."

"నీకోసమని ఎవరన్నారు? నీ మీద కోపం పోయిందనుకోకు, ఇంకా ఉంది. చాలా రోజులుంటుంది." కాగితాలు సరిచేసి నా ఒళ్లో పెట్టింది. "నువ్వు లేకపోతే గుట్ట మీదికి ఎవరిని పంపిస్తారు? డెల్మర్‌నా? వాడికి కుడి చెయ్యేదో ఎడమ చెయ్యేదో తెలీదు. మా బ్యాండు వాళ్లందరూ చస్తారు."

అని గబగబా బయటకు వెళ్లిపోయింది. తలుపు వేసిన చప్పుడుకు నోవహు ఓడ బొమ్మ గోడ మీద వంకరగా వేలాడింది.

మీ అమ్మ ఏమనుకుంటుందో చెప్పేసింది. నీ కూతురు కోపంతోనే అయినా చెప్పేసింది. ఇక నువ్వొక్కడివే మిగిలావు. సరస్సులు గడ్డకట్టి ఓడలు ఆగాక నువ్వు రావాల్సింది ఈ మనిషి దగ్గరికే. ఇంటికి చేరగలిగి కూడా చేరని మనిషి, ఇల్లు ఎగిరిపోతుంటే బాగుందనుకున్న మనిషి. నన్ను ఓదార్చకు, కారణాలు వెతికి పెట్టకు. వస్తావా రావా, అదొక్కటి రాయి ఎల్డన్.

ఇట్లు,
నువ్వు రమ్మంటే రాలేకపోతున్న, నువ్వు రావాలని మాత్రం కోరుకుంటున్న
నీ భార్య
నోర్లీన్